ఔటింగ్‌లో కుదిరిన జట్టు ఆఫీసులో నిలుస్తుందా?

ఢిల్లీ చుట్టుపక్కల ఆరుబయట శిక్షణకు అనువైన రోజులు తక్కువ. మే, జూన్ నెలల్లో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. వానాకాలంలో రిషికేశ్ దగ్గర గంగలో రాఫ్టింగ్ ఆపేస్తారు. దీపావళి దగ్గరపడేసరికి గాలి పాడవుతుంది. 2024 నవంబరులో కాలుష్య ఆంక్షలు నాలుగో దశకు చేరి, ఢిల్లీ ప్రభుత్వ కార్యాలయాల్లో సగం మందిని ఇంటి నుంచే పని చేయమన్నారు. మిగిలిన కాస్త వ్యవధిలోనే గురుగ్రామ్, నోయిడా కంపెనీల బస్సులు సోహ్నా పక్కనున్న దమ్‌దమా వైపు, రాజస్థాన్‌లోని నీమ్‌రాణా వైపు, ఖర్చుకు వెనకాడనివాళ్లయితే రిషికేశ్ వైపు బయలుదేరతాయి. ఈ ప్రయాణాల వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: రెండు రోజులు ఆరుబయట కలిసి చెమటోడ్చినవాళ్లు సోమవారం నుంచి ఆఫీసులోనూ కలిసి పని చేస్తారు.

ఈ నమ్మకం మీద దశాబ్దాలుగా చర్చ నడుస్తోంది, నడిచేకొద్దీ చిక్కుబడుతోంది. ఒకరు సర్వేలు చూపిస్తారు, మరొకరు అవే సర్వేలను కొట్టిపారేస్తారు. హెచ్‌ఆర్ విభాగం దాన్ని శిక్షణ అంటుంది, ఫైనాన్స్ విభాగం ఖర్చు అంటుంది, ఉద్యోగి తన శనివారం పోయిందంటాడు. చిక్కు చాలావరకు ప్రశ్న వేసే తీరులోనే ఉంది. పనిచేసే చోట ఒకరికొకరు సహకరించుకోకపోవడానికి కారణాలు ఒకే రకం కావు. ఎదుటి మనిషి ఎవరో తెలియక అడగడానికి మొహమాటపడటం ఒకటి. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేలక తగవు పడటం మరొకటి. ఒకరికి మేలు జరిగితే పక్కవాడికి నష్టం కలిగేలా జీతాలు, రేటింగులు, ఉద్యోగ భద్రత అమరి ఉండటం మూడోది. ఆరుబయట శిక్షణ మొదటిదానికి బాగా పనికొస్తుంది, జాగ్రత్తగా నడిపితే రెండోదానికీ సాయపడుతుంది, మూడోదాన్ని తాకనైనా తాకదు. ఇప్పటిదాకా పోగైన సాక్ష్యం ఈ తీర్పు వైపే మొగ్గుతోందన్నది ఈ వ్యాసం వాదన.

లైఫ్‌బోట్ల నుంచి తాళ్ల వంతెనల దాకా

కథకు మూలం 1941లో వేల్స్ తీరంలోని అబర్‌డోవీలో మొదలైన ‘ఔట్‌వర్డ్ బౌండ్’ పాఠశాల. హిట్లర్‌ను ఎదిరించి, జైలుపాలై, 1933లో బ్రిటన్ చేరిన జర్మన్ విద్యావేత్త కర్ట్ హాన్, బ్లూ ఫనెల్ ఓడల కంపెనీకి చెందిన లారెన్స్ హోల్ట్ కలిసి దాన్ని పెట్టారు. అది యుద్ధకాలం. టార్పెడో దెబ్బకు ఓడ మునిగితే లైఫ్‌బోట్లలో వయసు మళ్లిన నావికులు తట్టుకుంటున్నారు, ఒంట్లో సత్తువున్న కుర్రాళ్లు ముందుగా చనిపోతున్నారు. కొరత కండబలంలో కాదు, తమ మీదా తోటివాళ్ల మీదా ఉండవలసిన నమ్మకంలో ఉందని వాళ్లు తేల్చుకున్నారు. దాంతో సముద్రంలో, కొండల్లో దాదాపు నెల రోజులు తిప్పే కోర్సు తయారైంది. కుర్రవాళ్ల వ్యక్తిత్వాన్ని గట్టిపరచడం దాని లక్ష్యం. ఆఫీసు జట్ల ఊసు అందులో లేదు.

1971లో అమెరికాలోని మాసచూసెట్స్‌లో పుట్టిన ‘ప్రాజెక్ట్ అడ్వెంచర్’ ఈ పద్ధతిని కొండల నుంచి బడి ఆవరణలోకి దింపింది. చెట్లకూ స్తంభాలకూ తాళ్లు కట్టి, తక్కువ ఖర్చులో, కొద్ది గంటల్లో సాహసం చేయించవచ్చని చూపింది. కంపెనీలకు కావలసింది సరిగ్గా అదే. 1980ల నాటికి బ్రిటన్, అమెరికాల్లో మేనేజర్ల శిక్షణలో తాళ్ల వంతెనలు మామూలైపోయాయి. మన దేశంలో 1984లో ఎవరెస్టు ఎక్కిన బచేంద్రి పాల్ సారథ్యంలో టాటా స్టీల్ అదే ఏడాది సాహస సంస్థను నెలకొల్పి, కొండల్లో నాయకత్వ కోర్సులు నడిపింది. 1990ల చివర గురుగ్రామ్‌లో కాల్ సెంటర్లు లేచాక ఈ అలవాటు ఢిల్లీ శివార్లకు చేరింది. అక్కడ సమస్య నాయకత్వం కాదు, ఇరవై ఏళ్లు దాటిన కుర్రకారు ఆరు నెలలకోసారి ఉద్యోగం మారకుండా చూసుకోవడం. శిక్షణ, వినోదం, బుజ్జగింపు అన్నీ ఒకే బస్సెక్కాయి. ఆనాటి నుంచి వాటిని విడదీసి చూడటం కష్టమైపోయింది. ఈ ప్రయాణంలో నెల రోజుల కోర్సు రెండు రోజులై, చివరికి ఒక పూట అయింది; దాని మీద పెట్టుకున్న ఆశలు మాత్రం అణువంతైనా తగ్గలేదు.

హైదరాబాదు, కాకినాడ నేర్పిన పాఠం

ఉద్యోగిని పనిచోటు నుంచి బయటికి తీసుకెళ్లి నేర్పితే ఎక్కువ అంటుతుందన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1956లో హైదరాబాదులో మొదలై బెల్లావిస్టా భవనంలో నడుస్తున్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, వేర్వేరు సంస్థల అధికారులను ఒకచోట ఉంచి, చిన్న బృందాలుగా సమస్యల మీద కూర్చోబెట్టింది. ఇంకా పనికొచ్చే ఉదాహరణ కాకినాడది. 1960ల నడిమధ్యలో హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ కలిసి కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాదు రప్పించి, ‘ఏదైనా సాధించాలి’ అన్న తపన రగిలించే కోర్సు నడిపారు. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ ఆ ఫలితాలను 1969లో పుస్తకంగా వేశాడు. ఆ కోర్సు సహకారం గురించి కాదు, వ్యక్తిగత పట్టుదల గురించి. అయినా ఈ చర్చకు అది అందించే విలువైన సంగతి కొలత పద్ధతి. కోర్సు బాగుందా అని ఆఖరి రోజున అడిగి ఊరుకోలేదు. శిక్షణ పొందినవాళ్లనూ పొందనివాళ్లనూ పక్కపక్కన పెట్టి, తర్వాతి కాలంలో ఎవరు కొత్త పెట్టుబడి పెట్టారు, ఎవరు కొత్త పనివాళ్లను పెట్టుకున్నారు అని లెక్క తీశారు. ఆ ఫలితాల మీద విమర్శలు లేకపోలేదు గాని, అరవై ఏళ్ల కిందట కోస్తా పట్నంలో వ్యాపారుల విషయంలో పాటించిన ఈ జాగ్రత్త నేటి గురుగ్రామ్ ఔటింగుల్లో అరుదు.

హైదరాబాదులోని అదే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో పనిచేసిన ఉదయ్ పరీక్, తెలుగువాడైన టి.వి. రావుతో కలిసి 1970ల మధ్యలో ఎల్ అండ్ టీ కోసం మానవ వనరుల అభివృద్ధి విభాగానికి రూపం ఇచ్చాడు. సంస్థ వాతావరణాన్ని అంచనా వేయడానికి పరీక్ ఎంచుకున్న ఎనిమిది విలువల్లో సహకారం ఒకటి. నిష్కపటత్వం, నమ్మకం, స్వేచ్ఛ, ప్రయోగశీలత వంటివి దాని పక్కనే ఉంటాయి. సహకారాన్ని విడిగా పీకి ఒక పూటలో పెంచి, తిరిగి నాటడం కుదరదన్న హెచ్చరిక ఆ చట్రంలోనే ఉంది. ఈ చట్రాన్ని వాడుకున్న తరం హెచ్‌ఆర్ అధికారులు ఆ సంగతిని మరిచిపోవడం కొంచెం విడ్డూరమే.

వాదాలు, వాటి మధ్య తేడాలు

ఈ రంగంలోని వాదాలను పేర్లు పెట్టి గిరిగీయడం కష్టం, ఒకే శిక్షకుడు పూటకో వాదం వినిపించగలడు గనుక. అయినా నాలుగు ధోరణులు కనిపిస్తాయి. హాన్ సంప్రదాయం కష్టాన్ని నమ్ముతుంది: ఒంటికి, మనసుకు పరీక్ష పెడితే మనిషి గట్టిపడతాడు, గట్టిపడినవాడు తోటివాడికి ఆసరా అవుతాడు. రెండోది 1947లో అమెరికాలోని బెథెల్‌లో కర్ట్ లెవిన్ శిష్యులు మొదలుపెట్టిన బృంద ప్రయోగశాలల నుంచి వచ్చింది. దానికి సాహసంతో పని లేదు. బృందం తన ప్రవర్తనను తానే చూసుకుని, మొహం మీద మాట్లాడుకుని, దిద్దుకోవడం ముఖ్యం. ఆరుబయట ఆట ముగిశాక ఫెసిలిటేటర్ అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి జరిపే చర్చ ఈ సంప్రదాయం ఇచ్చిన వారసత్వమే. మూడో వాదం వీళ్లిద్దరినీ పక్కకు నెడుతుంది. రిచర్డ్ హ్యాక్‌మన్, రూత్ వేగ్‌మన్ వంటి పరిశోధకుల లెక్కలో జట్టు నడక పని ఎలా పంచారు, ప్రతిఫలం ఎలా ఇచ్చారు అన్నదాని మీద ఆధారపడుతుంది. వేగ్‌మన్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో జిరాక్స్ సంస్థ టెక్నీషియన్ల జట్లు 150 ఉన్నాయి. పనీ ప్రతిఫలమూ పూర్తిగా ఉమ్మడిగా ఉన్న జట్లూ రాణించాయి, పూర్తిగా విడివిడిగా ఉన్నవీ రాణించాయి. సగం ఉమ్మడి, సగం విడి అన్న కలగాపులగపు జట్లు వెనకబడ్డాయి. ‘మీరంతా ఒకే జట్టు’ అని చెప్పి మార్చిలో ఒక్కొక్కరికి విడివిడిగా రేటింగు ఇచ్చే ఆఫీసుల సంగతి ఇందులోనే ఉంది. నాలుగోది విమర్శక ధోరణి. గిడియన్ కుండా 1992లో ఒక అమెరికన్ టెక్నాలజీ కంపెనీ మీద రాసిన పుస్తకం ప్రకారం, సంస్థలు ఇలాంటి సంబరాల ద్వారా ఉద్యోగి సమయంతోపాటు మనసునూ తమ లెక్కలో వేసుకుంటాయి.

మొదటి రెండూ మనుషుల్ని మార్చాలంటాయి, మూడోది పనిని మార్చమంటుంది, నాలుగోది అసలు మార్చమన్నది ఎవరని అడుగుతుంది. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. వాటి మాట చెల్లే చోట్లు వేరు.

కొలతలు చెప్పేది ఎంతవరకు?

ఆరుబయట శిక్షణ సమర్థకులు ఎక్కువగా చూపించేది జాన్ హ్యాటీ తదితరులు 1997లో ప్రచురించిన విశ్లేషణ. 96 అధ్యయనాలను కలిపి చూస్తే సగటు ప్రభావం 0.34 అని తేలింది. విద్యారంగ కొలతల్లో అది మధ్యస్థం. విశేషం ఏమిటంటే కోర్సు ముగిశాక కూడా ఆ లాభం నిలిచి, తర్వాతి కొలతలో మరో 0.17 పెరిగింది. శిక్షణల ప్రపంచంలో ఇది అరుదు. అయితే ఈ అంకెలు ఎక్కువగా విద్యార్థులవి, యువకులవి. ఎక్కువ ఫలితం ఇచ్చినవి ఇరవై రోజులు దాటిన కోర్సులు. ఆత్మవిశ్వాసం, స్వీయ నియంత్రణ వంటి గుణాలను కొలిచారు తప్ప, బిల్లింగ్ విభాగం సేల్స్ విభాగానికి ఫైలు సకాలంలో ఇస్తోందా అన్నది కాదు. నెల రోజుల ఔట్‌వర్డ్ బౌండ్ అంకెను చూపించి ఒక పూట జిప్‌లైన్ అమ్మడం చెల్లదు.

ఉద్యోగ జట్ల మీద చూపు తిప్పితే బొమ్మ మసకబారుతుంది. ఎడ్వార్డో సాలస్ బృందం 1999లో టీమ్ బిల్డింగ్ అధ్యయనాలన్నీ కలిపి చూసి, మొత్తంగా పనితీరు మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదని తేల్చింది; ఎవరి పాత్ర ఏమిటో స్పష్టపరిచే కార్యక్రమాలకు మాత్రం ఫలితం కనిపించింది. పదేళ్లకు, 2009లో, కామెరాన్ క్లైన్, సాలస్ తదితరులు ఎక్కువ సమాచారంతో తిరిగి చూసినప్పుడు తీర్పు కొంత మెత్తబడింది. మధ్యస్థమైన మేలు ఉంది, అది ముఖ్యంగా పరస్పర నమ్మకం, జట్టు పనిచేసే తీరు వంటివాటిలో ఉంది, పనితీరులో తక్కువ. లక్ష్యాలు కుదుర్చుకోవడం, పాత్రలు తేల్చుకోవడం ఎక్కువ పనిచేశాయి. పెద్ద జట్లు ఎక్కువ లాభపడ్డాయి. ఇవి టీమ్ బిల్డింగ్ అంతటికీ చెందిన లెక్కలు, ఆరుబయటకు మాత్రమే కాదు. అయినా దిశ స్పష్టం. ఆటలోని ఉత్సాహం కంటే, ఆట సాకుతో పాత్రల గురించి జరిగే మాటే ఎక్కువ పనిచేస్తోంది.

సాహస శిక్షణనే కొలిచినవీ ఉన్నాయి. 1992లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, రోజూ కలిసి పనిచేసే మేనేజర్ల జట్టునే కోర్సుకు పంపితే, పంపని జట్టుతో పోల్చినప్పుడు మెరుగు కనిపించింది. సైమన్ ప్రీస్ట్ తదితరులు ఆ దశకంలోనే చేసిన వరుస కొలతల్లో, తిరిగొచ్చాక కొనసాగింపు లేని జట్లలో ఆ మెరుగు నెలల్లో కరిగిపోయింది. కొనసాగింపు ఉన్నచోట నిలిచింది. బ్రిటన్‌లో ఇబ్బెట్సన్, న్యూవెల్ పోటీ పెట్టి నడిపే కోర్సులను పరిశీలించి, గెలిచిన జట్లే లాభపడినట్టు చెప్పుకున్నాయని, ఓడినవాటిలో ఆ మెరుగు లేదని చూపారు. సహకారం నేర్పడానికి తీసుకెళ్లి, నాలుగు రంగుల టీషర్టులు తొడిగి, సాయంత్రం ఒక రంగుకే కప్పు ఇచ్చే నిర్వాహకులు దీన్ని చదివితే బాగుండును.

ఇక సంస్థలు తమంతట తాము చేసుకునే కొలత. డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లలో అంచనా కట్టమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, ప్రవర్తన మారిందా, ఫలితం వచ్చిందా. ఔటింగుల విషయంలో చాలాసార్లు మొదటి మెట్టు దాటరు. తిరుగు బస్సులో ఫోన్లకు వచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐదుకు నాలుగున్నర వస్తుంది. భోజనం బాగుందని తెలుస్తుంది.

రాఫ్ట్ వేరు, తెప్ప వేరు

ఒకే ‘ఆరుబయట శిక్షణ’ పేరుతో జరిగేవాటిలో ఎంత తేడా ఉందో రెండు వ్యాయామాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. రిషికేశ్ ఎగువన శివపురి నుంచి గాలి నింపిన రాఫ్ట్‌లో దిగేటప్పుడు వెనక గైడ్ కూర్చుంటాడు. ‘ఫార్వర్డ్’ అంటే అందరూ తెడ్డు ముందుకు వేయాలి, ‘బ్యాక్’ అంటే వెనక్కి, ‘గెట్ డౌన్’ అంటే అడుగున కూలబడాలి. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ వంటి పేర్లున్న సుడుల్లో గొంతు చించుకుని అరుస్తారు, తడిసి ముద్దవుతారు, ఒడ్డున ఒకరినొకరు కావలించుకుంటారు. ఇందులో మేలు లేదనలేం. ఒకే లయలో కదిలినవాళ్లు తర్వాతి ఆటల్లో ఎక్కువ సహకరించుకుంటారని విల్టర్‌మత్, హీత్ 2009లో ప్రయోగంతో చూపారు. కలిసి తెడ్డు వేసే ఆక్స్‌ఫర్డ్ పడవ క్రీడాకారులు ఒంటరిగా వేసినప్పటికంటే ఎక్కువ నొప్పి ఓర్చుకోగలిగారని 2010లో మరో పరిశోధన తేల్చింది. కానీ రాఫ్ట్‌లో జరిగేది ఎక్కువగా కలిసి మాట వినడం. ఎవరు ఏం చేయాలో నిర్ణయించే తలనొప్పి గైడ్ ఒక్కడిదే. ఆఫీసులో ఆ గైడ్ ఉండడు.

రెండోది, నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు, కొన్ని వెదురు గడలు, తాళ్లు ఇచ్చి తెప్ప కట్టమనే ఆట. ఇందులో మొదటి పది నిమిషాలే అసలు పాఠం. పెద్ద హోదా ఉన్నవాడు గడ అందుకుని ఇలా అడ్డంగా పెట్టండి అంటాడు; ఇద్దరు వెంటనే పట్టుకుంటారు; ముడి వేయడం నిజంగా తెలిసిన కుర్రవాడు ఒకసారి నోరు తెరిచి మూసుకుంటాడు; ఇంకో నలుగురు నీళ్ల సీసాలతో పక్కన నిలబడతారు. తెప్ప నీళ్లలో దింపగానే ఒక మూల డ్రమ్ము జారి తేలిపోతుంది. ఇంతవరకు జరిగింది వినోదం. ముడి తెలిసిన మనిషి ఎందుకు చెప్పలేదు, చెప్పబోయినప్పుడు ఎవరు వినలేదు, ఆఫీసులో ఇదే ఎప్పుడు జరుగుతోంది అని ఆ తర్వాత గంటసేపు నిదానంగా తవ్వగల ఫెసిలిటేటర్ ఉంటేనే అది శిక్షణ అవుతుంది. భయం లేకుండా తప్పును బయటపెట్టగల జట్లే నేర్చుకుంటాయని ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో చెప్పినదానికి ఇది చిన్న నమూనా. అయితే ఆ చర్చలో బాసు కూడా కూర్చునే ఉంటాడు. కుర్రవాడు నిజం చెబుతాడా లేదా అన్నది సోమవారం తర్వాత తనకేం జరుగుతుందని అతను అనుకుంటున్నాడో దాన్ని బట్టి ఉంటుంది.

పాత్రలు తేల్చకుండా కొండెక్కితే ఏమవుతుందో 2024 ఆగస్టులో అమెరికాలోని కొలరాడోలో కనిపించింది. ఆఫీసు విహారానికి వెళ్లిన పదిహేను మంది బృందంలో ఒకతను ఒంటరిగా మౌంట్ షవానో శిఖరానికి పోయి, దిగే దారి తప్పి, రాత్రంతా కొండ మీదే గడిపి, మర్నాడు రక్షకులకు దొరికాడు. దారి తెలియడానికి రాళ్ల మధ్య ఉంచిన గుర్తులను ముందుగా దిగిన సహోద్యోగులే ఏరుకుని తెచ్చేశారు. ఇందులో దురుద్దేశం కనిపించదు. తలలు లెక్కపెట్టే పని ఎవరికీ అప్పగించలేదనిపిస్తుంది, అంతే.

మానేసర్ వేసిన ప్రశ్న

ఢిల్లీ ప్రాంతంలో కలుపుగోలుతనాన్ని పద్ధతిగా నాటిన సంస్థల్లో మొదట చెప్పవలసింది మారుతి. 1983 డిసెంబరులో గురుగ్రామ్ ప్లాంటు నుంచి మొదటి కారు బయటికొచ్చినప్పటి నుంచీ అధికారికీ కార్మికుడికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్, ఉదయం షిఫ్టుకు ముందు అందరూ కలిసి వ్యాయామం అన్నవి అక్కడి గుర్తులు. భారతీయ పరిశ్రమకు అది కొత్త గాలి. ఇవి ఆరుబయట శిక్షణ కావు గాని, వెనకున్న ఊహ అదే: దేహాలు కలిసి కదిలితే మనసులు కలుస్తాయి. చాలాకాలం అది పనిచేసిందని నిజాయితీగా ఒప్పుకోవాలి.

కానీ 2011లో మారుతి మానేసర్ ప్లాంటులో సమ్మె, లాకౌట్, మళ్లీ సమ్మె జరిగాయి. స్వతంత్ర యూనియన్ గుర్తింపు, పర్మనెంట్ కార్మికులతో పోలిస్తే కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి, పని వేగం, విరామ సమయం ప్రధాన వివాదాలు. 2012 జూలై 18న చెలరేగిన హింసలో ఒక హెచ్‌ఆర్ జనరల్ మేనేజర్ ప్రాణం పోయింది, ఎంతోమంది గాయపడ్డారు. తర్వాత వందలాది కార్మికుల ఉద్యోగాలు పోయాయి. 2017 మార్చిలో గురుగ్రామ్ కోర్టు 31 మందిని దోషులుగా తేల్చి, 117 మందిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. 13 మందికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ హింసను ఏ ఫిర్యాదూ సమర్థించదు. ఆ ఉదంతం ఈ చర్చకు చెప్పేది మాత్రం ఒకటుంది: ఒకే యూనిఫాం తొడుక్కుని ఒకే వరుసలో వ్యాయామం చేసినవాళ్ల జీతం చీటీలు వేరువేరుగా ఉన్నప్పుడు, చీటీల మాటే గెలుస్తుంది.

దీన్ని మనస్తత్వశాస్త్రం అంతకు దాదాపు ఆరు దశాబ్దాల ముందే, అదీ ఒక వేసవి శిబిరంలోనే చూసింది. 1954లో ఓక్లహామాలోని రాబర్స్ కేవ్ పార్కులో ముజఫర్ షెరీఫ్ 22 మంది పిల్లల్ని రెండు జట్లుగా విడదీసి పోటీలు పెట్టాడు. పగ రాజుకుంది. తర్వాత రెండు జట్లనూ కలిపి సినిమాకు, భోజనానికి కూర్చోబెడితే పగ తగ్గలేదు, అన్నం విసురుకున్నారు. నీళ్ల ట్యాంకు పనిచేయనప్పుడు, లారీ కదలనప్పుడు, రెండు జట్లూ కలిస్తే తప్ప గడవదన్న పరిస్థితి పదేపదే వచ్చాకే స్నేహం మొదలైంది. పెద్దలే పిల్లల్ని రెచ్చగొట్టారని జీనా పెర్రీ 2018లో చేసిన విమర్శ గట్టిదే. ఆ విమర్శను ఒప్పుకున్నా, కలిసి తిన్నంత మాత్రాన చాలదన్న సంగతి చెరిగిపోదు. ఆఫీసుల్లోనూ అంతే: ఉద్యోగులను బలవంతపు వరుసలో పెట్టి, కొందరిని తప్పనిసరిగా అట్టడుగున చూపే రేటింగు పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. ఆ పద్ధతి జట్లను చీలుస్తోందన్నది దాని మీద ఏళ్ల తరబడి వినిపించిన ఫిర్యాదు.

ఎదురు వాదనలు

ఈ వ్యాసం వాదనకు మూడు గట్టి అభ్యంతరాలున్నాయి. సైన్యం, ఐఏఎస్‌లకు శిక్షణనిచ్చే ముస్సోరీ అకాడమీ తమ వాళ్లను కొండల్లో తిప్పి జీవితకాలపు బంధాలు నిర్మిస్తున్నాయి కదా అన్నది మొదటిది. నిజమే. ఐఏఎస్ ప్రొబేషనర్లు ఫౌండేషన్ కోర్సులో హిమాలయాల్లో నడిచి వస్తారు, బ్యాచ్ అన్న మమకారం ముప్పై ఏళ్లకూ పోదు. కానీ ఆ నడకకు ముందూ వెనకా నెలల సహజీవనం ఉంది. తర్వాత ఒకే సర్వీసు, ఒకరి సాయం ఒకరికి పదేపదే అవసరమయ్యే వృత్తి ఉంది. ట్రెక్కింగ్ ఆ బంధానికి ఒక జ్ఞాపకం ఇచ్చింది. ఏడాదిన్నరకు కంపెనీ మారే నోయిడా ప్రోగ్రామర్‌కు ఆ నెలలూ లేవు, ఆ తర్వాతా లేదు.

రెండోది ఇంతకంటే బలమైనది: పరిచయం పెరగడమే చిన్న విషయమా? కాదు. 2020 తొలి ఆరు నెలల్లో 61,182 మంది అమెరికన్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనం, ఇంటి నుంచి పని మొదలయ్యాక ఎవరి గూటిలో వాళ్లు ఉండిపోయారని, విభాగాల మధ్య వంతెనలు తగ్గాయని చూపింది. గురుగ్రామ్‌లో సగం, నోయిడాలో సగం, వైజాగ్‌లో ఇంటి నుంచి ఇద్దరు ఉన్న జట్టులో ఒక మనిషి గొంతు తప్ప ముఖం తెలియని స్థితి మామూలు. అలాంటి జట్టుకు రెండు రోజులు కలిసి గడపడం నిజంగా ఉపయోగం. ఆ తర్వాత సందేహం వచ్చినప్పుడు ఫోన్ చేయడానికి చెయ్యి వెనకాడదు. ఈ మేరకు విమర్శకులు తగ్గాల్సిందే. కాకపోతే ఈ ప్రయోజనానికి జిప్‌లైన్ అక్కర్లేదు, తీరిక చాలు. ఆఫీసు దగ్గరి ధాబాలో పొడుగాటి మధ్యాహ్న భోజనం కూడా దీనిలో సగం పని చేయగలదు, ఎవరి మోకాలూ దెబ్బతినకుండా.

మూడో అభ్యంతరం విమర్శక ధోరణి నుంచి వస్తుంది: సహకారం సంగతి తర్వాత, ఇది స్వచ్ఛందమేనా? 2022 నవంబరులో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం, వారాంతపు విందులూ తాగుళ్లూ నిండిన ‘సరదా’ సంస్కృతిలో పాలుపంచుకోలేదన్నది ఉద్యోగం తీసేయడానికి కారణం కాజాలదని తేల్చింది. మన దగ్గర ఆ స్థాయి తీర్పు లేకున్నా, 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉద్యోగ పనిలో భాగంగా వెళ్లిన చోటునూ, యజమాని ఏర్పాటు చేసిన వాహనాన్నీ పనిస్థలంగానే లెక్కిస్తుంది. రిషికేశ్ టెంటు కూడా ఆఫీసే అన్నమాట. రాత్రి బసకు ఇంట్లో ఒప్పించుకోలేని ఉద్యోగిని, తాగని మనిషి, నడుమునొప్పి ఉన్న యాభై ఏళ్ల అకౌంటెంటు, చక్రాల కుర్చీలో ఉన్న టెస్టర్, వీళ్లు రాకపోతే ‘టీమ్ స్పిరిట్ తక్కువ’ అని రాసుకునే చోట శిక్షణ తను కలపాల్సినవాళ్లనే విడదీస్తుంది. ఇక భద్రత. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, నియమాలు రూపొందేదాకా రాఫ్టింగ్, పారాగ్లైడింగ్ ఆపమంది. ఈ రంగం అప్పటిదాకా ఎంత అదుపు లేకుండా పెరిగిందో ఆ ఆదేశమే చెబుతుంది.

తేలకుండా మిగిలినవి

కొన్ని ప్రశ్నలు ఇంకా తెరిచే ఉన్నాయి. రోజూ కలిసి పనిచేసే జట్టునే పంపాలా, వేర్వేరు విభాగాలను కలిపి పంపాలా అన్నది ఒకటి. మొదటిది పాత్రలు తేల్చుకోవడానికి మంచిది, రెండోది వంతెనలు కట్టడానికి. రెండూ ఒకే బస్సులో సాధిద్దామనుకునేవాళ్లకు రెండూ దక్కవు. ఎంతకాలం నిలుస్తుందన్నది మరొకటి. బాల్డ్‌విన్, ఫోర్డ్ 1988లో శిక్షణ బదిలీ మీద చెప్పినదాని ప్రకారం మనిషి, కోర్సుతోపాటు తిరిగి వెళ్లే పనిచోటు కూడా సమానంగా లెక్కలోకి వస్తుంది. అంటే ఔటింగుకు ఎంత ఖర్చు పెట్టాలన్నదాని కంటే, తర్వాతి మూడు నెలల్లో తెప్ప దగ్గర బయటపడ్డ విషయం మీద మేనేజరు ఎన్నిసార్లు కూర్చుంటాడన్నది పెద్ద ప్రశ్న. కాకినాడ తరహాలో, పంపిన జట్టునూ పంపని జట్టునూ ఆరు నెలల పాటు పోల్చి, ఒక విభాగం అడిగినదానికి మరో విభాగం ఎన్ని రోజుల్లో జవాబిచ్చింది అని చూడటం ఐదు వందల మంది ఉన్న ఏ కంపెనీకైనా సాధ్యమే. విభాగాలు ఒకదాన్నొకటి అడిగిన పనుల (టికెట్ల) లెక్కలు ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి.

అన్నిటికంటే తక్కువ చర్చ జరిగింది బస్సు జాబితా గురించి. ఢిల్లీ చుట్టుపక్కల ఆఫీసుల్లో రోజువారీ పని సాగేది పర్మనెంట్ ఉద్యోగులతోపాటు ఏజెన్సీ ద్వారా వచ్చిన సపోర్టు సిబ్బంది, డ్రైవర్లు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ల మీద. కోడ్ రాసే జట్టులో కూడా ఒకరిద్దరు వెండరు పేరోల్ మీద ఉంటారు. అదే టేబుల్, అదే డెడ్‌లైన్, వేరే రంగు ఐడీ కార్డు. ఔటింగు జాబితాలో వాళ్ల పేర్లు చాలాచోట్ల ఉండవు. వాళ్లను తీసుకెళ్తే ఉద్యోగ సంబంధం ఉన్నట్టు రుజువవుతుందేమోనని లీగల్ విభాగం వద్దనవచ్చు, ఖర్చు ఎవరి ఖాతాలో అని వెండరు అడగవచ్చు. టీమ్ బిల్డింగ్ మీద ఇన్ని దశాబ్దాల పరిశోధన జట్టు సరిహద్దు ముందే తేలిందన్నట్టు సాగింది. ఆ సరిహద్దును కాంట్రాక్టు కాగితం గీసేచోట, వెళ్లినవాళ్ల మధ్య పెరిగే సఖ్యత వెళ్లనివాళ్లతో సహకారాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నది గురుగ్రామ్, నోయిడాల్లోనే కొలిచి చూడాల్సిన ప్రశ్న.